ఉత్తరాయణం ఎప్పుడు మొదలవుతుంది? సూర్యుడి మలుపు, చంద్రుడి సాక్ష్యం

డిసెంబర్ 25న ఎవరింట్లోనైనా సత్యనారాయణ వ్రతం జరిగితే సంకల్పంలో పురోహితుడు చదివేది "దక్షిణాయనే, హేమంత ఋతౌ" అనే. అదే రోజు ఖగోళశాస్త్రం తెలిసినవాళ్లను అడగండి, సూర్యుడు ఉత్తరానికి తిరిగి అప్పుడే మూడు నాలుగు రోజులైందంటారు. పంచాంగం మాత్రం జనవరి 14నో 15నో మకర సంక్రాంతి వచ్చేదాకా ఉత్తరాయణాన్ని ఒప్పుకోదు. ఇంకా చిత్రమేమిటంటే, ఉత్తరాయణం కోసం అంపశయ్య మీద ఎదురుచూసిన భీష్ముణ్ణి మనం తలుచుకునేది సంక్రాంతి నాడు కూడా కాదు, మాఘ శుద్ధ అష్టమికి, ఏకాదశికి. సూర్యుడు రథాన్ని ఉత్తరం వైపు మళ్లిస్తాడని చెప్పుకునే రథసప్తమి కూడా మాఘంలోనే వస్తుంది.

ఒకే మలుపుకు మూడు తేదీలన్నమాట. ఏటా డిసెంబర్ నెలాఖరుకల్లా దీనిమీద వాదన మొదలవుతుంది. పంచాంగం తప్పని కొందరు, ఆధునిక లెక్క మనది కాదని కొందరు. నన్నడిగితే మూడూ ఆకాశాన్ని కళ్లారా చూసినవాళ్లు పెట్టిన గుర్తులే. కాకపోతే మూడు వేర్వేరు కాలాల్లో పెట్టినవి. పాతది చెరిపేయకుండా దానిమీదే కొత్తది పెట్టుకుంటూ వచ్చాం కాబట్టి ఇప్పుడు చిక్కుపడినట్టు కనిపిస్తున్నాయి. ఈ ముడి విప్పాలంటే సూర్యుణ్ణి ఒక్కణ్ణే చూస్తే సరిపోదు, చంద్రుణ్ణి కూడా పిలవాలి.

ఆగిపోయినట్టుండే సూర్యుడు

భూమి అక్షం దాదాపు 23.4 డిగ్రీలు వాలి ఉండటం వల్ల సూర్యుడు ఆరు నెలలు ఉత్తరంగా, ఆరు నెలలు దక్షిణంగా జరుగుతున్నట్టు కనిపిస్తాడు. డిసెంబర్ 21 లేదా 22న దక్షిణాన తన చివరి హద్దుకు చేరతాడు. ఉత్తరార్ధగోళంలో ఆ రోజే పగలు అతి తక్కువ. తెలుగు ప్రాంతాల్లో ఆనాటి పగలు పదకొండు గంటలకు కాస్త పైన ఉంటుంది, జూన్‌లో అదే పదమూడు గంటలు దాటుతుంది. పుష్యమాసానికి పూసగుచ్చ పొద్దుండదని పెద్దవాళ్లు అనేది ఈ రోజుల గురించే.

అయితే ఆ మలుపు ఫలానా రోజున జరిగిందని కంటితో తేల్చడం చాలా కష్టం. మార్చిలో సూర్యోదయ స్థానం తూర్పు దిక్కున రోజురోజుకీ గుర్తుపట్టేంతగా జరుగుతుంది. డిసెంబర్ మూడో వారంలో అలా కాదు. పది రోజులపాటు గమనించినా సూర్యుడు ఒకేచోట ఉదయిస్తున్నట్టే ఉంటుంది. నేలలో శంకువు (నీడ కొలిచే నిట్టనిలువు కర్ర) పాతి మధ్యాహ్నపు నీడ కొలిచినా అంతే, తేడా వేలి మందం కూడా ఉండదు. ఋగ్వేదానికి చెందిన పాత గ్రంథం కౌషీతకి బ్రాహ్మణం ఈ సంగతిని ఉన్నదున్నట్టు చెప్పింది. మాఘ అమావాస్య నాడు (పున్నమితో నెల ముగించే లెక్కలో, మనకైతే మాఘానికి ముందొచ్చే అమావాస్య) సూర్యుడు ఉత్తరానికి తిరగబోతూ నిలబడతాడు, ఆరు నెలలు ఉత్తరంగా వెళ్లి మళ్లీ నిలబడతాడు, ఆపైన దక్షిణానికి తిరుగుతాడు అని. అలా నిలబడటాన్ని ఎవరో ఓపిగ్గా ఏళ్లతరబడి చూసి ఉండకపోతే ఆ వాక్యం పుట్టదు.

మరో తిరకాసు ఉంది. పగలు అతి తక్కువైన రోజే సూర్యుడు అన్ని రోజులకంటే ఆలస్యంగా లేస్తాడనుకుంటాం. అది నిజం కాదు. మన అక్షాంశాల దగ్గర అన్నిటికంటే తొందరగా పొద్దుగుంకేది నవంబర్ చివరి వారాల్లో, అన్నిటికంటే ఆలస్యంగా తెల్లవారేది జనవరి మూడో వారం ప్రాంతంలో. అందుకే సంక్రాంతికి కూడా తెల్లవారుజాము చీకటిగానే, చలిగానే ఉండి, ఉత్తరాయణం ఇప్పుడే వచ్చిందంటే నమ్మబుద్ధవుతుంది.

సూర్యుడితో ఇంకో పెద్ద ఇబ్బంది, అతను ఏ నక్షత్రాల మధ్య ఉన్నాడో కనిపించదు. పగటి వెలుగులో చుక్కలుండవు కదా. పాతకాలపు జ్యోతిషులు దీనికి చంద్రుణ్ణి వాడుకున్నారు. పౌర్ణమి నాడు చంద్రుడు ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు. ఆ రాత్రి చంద్రుడు ఏ చుక్క దగ్గరున్నాడో చూస్తే, దానికి ఎదుటి చుక్క దగ్గర సూర్యుడున్నాడని తెలిసిపోతుంది. నెలల పేర్లు అలా వచ్చినవే. పున్నమి చంద్రుడు మృగశిర దగ్గరుంటే మార్గశిరం, పుష్యమి దగ్గరుంటే పుష్యం, మఘ దగ్గరుంటే మాఘం. నెల పేరు చెప్పడమంటే ఒకరకంగా సూర్యుడి చిరునామా చెప్పడమే.

తిథి కూడా సూర్యచంద్రుల మధ్య దూరమే. ఇద్దరి మధ్య కోణం 12 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఒక తిథి పూర్తవుతుంది. చంద్రుడి వేగం మారుతూ ఉంటుంది కాబట్టి ఒక తిథి 19 గంటల్లో ముగియవచ్చు, 26 గంటల దాకా సాగనూ వచ్చు. ఇలాంటి ముప్పై తిథులు కలిస్తే 29.53 రోజుల నెల. పన్నెండు నెలలకు 354 రోజులే వస్తాయి, సూర్యుడి ఏడాదికి 11 రోజులు తక్కువ. అందువల్ల అయనాంతం, అంటే సూర్యుడు తన హద్దు చేరి మళ్లే సమయం, ఏ తిథికి పడుతుందో ఏటికేడు మారిపోతుంది. 2025లో డిసెంబర్ 21 రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో అయనాంతం వచ్చింది. అది పుష్య శుద్ధ విదియ, పడమట సన్నటి నెలవంక కనిపించే రోజు. 2018లో డిసెంబర్ 22న, అయనాంతం వచ్చిన రోజే మార్గశిర పౌర్ణమి కూడా వచ్చింది. దానికి సరిగ్గా 19 ఏళ్ల ముందు, 1999లోనూ అంతే. తిథులూ తేదీలూ పందొమ్మిదేళ్లకొకసారి మళ్లీ దాదాపుగా కలుస్తాయి. అధిక మాసాలు ఆ పందొమ్మిదేళ్లలో ఏడు పడి మిగతా లెక్క సరిచేస్తాయి.

మూడు పొరలు

ఇప్పుడు ఆ మూడు తేదీల సంగతి. అన్నిటికంటే పాత పొర లగధుడి పేరుతో ఉన్న వేదాంగ జ్యోతిషంలో దొరుకుతుంది. సూర్యచంద్రులిద్దరూ ధనిష్ఠ నక్షత్రం మొదట్లో కలిసినప్పుడు యుగం, మాఘం, శుక్లపక్షం, ఉత్తరాయణం నాలుగూ ఒక్కసారే మొదలవుతాయని అందులో ఉంది. ఆ యుగం ఐదేళ్లది. 1830 రోజులు, 62 చాంద్రమాసాలు. పగలు అతి పొడవుగా ఉంటే 18 ముహూర్తాలు, అతి కురచగా ఉంటే 12 ముహూర్తాలని కూడా లెక్క కట్టారు (ముహూర్తమంటే 48 నిమిషాలు). అయనాంతం వేళ సూర్యుడు ధనిష్ఠ మొదట్లో ఉన్న కాలం ఇప్పటికి దాదాపు 3400 ఏళ్ల కిందటిది. అంటే ఆనాటివాళ్లకు మాఘమే మలుపు నెల. మాఘానికి ముందొచ్చే అమావాస్యే సూర్యుడు నిలబడే రోజు.

ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో ఈ విషయం ఎత్తి ఒక గొప్ప మాట రాశాడు. పూర్వశాస్త్రాల్లో ఉత్తరాయణం ధనిష్ఠ ఆరంభంలో అన్నారు, ఒకప్పుడు అలా ఉండే ఉంటుంది. ఇప్పుడు మాత్రం అది మకరం మొదట్లో జరుగుతోంది, అనుమానముంటే ప్రత్యక్షంగా పరీక్షించి చూసుకోండి అని ఆ శ్లోకాల సారం. పాతవాళ్లను తప్పుపట్టలేదు, వాళ్ల మాటకు కట్టుబడి కళ్లూ మూసుకోలేదు. మన పంచాంగ వివాదాల్లో ఇంత మర్యాదగా, ఇంత నిక్కచ్చిగా మాట్లాడిన గొంతు నాకు మరొకటి కనపడలేదు. మకర సంక్రాంతినే ఉత్తరాయణంగా చూడటం ఆయన రోజుల్లో ఆకాశానికి సరిపోయింది. ఇది రెండో పొర.

మూడోది ఇప్పటి డిసెంబర్. మలుపు ఇలా ధనిష్ఠ నుంచి మకరాదికి, అక్కణ్ణుంచి ఇంకా వెనక్కి జారడానికి కారణం అయన చలనం. తిరుగుతున్న బొంగరం తల మెల్లగా వలయం చుట్టినట్టు భూమి అక్షం కూడా దాదాపు 25,800 ఏళ్లకొక చుట్టు తిరుగుతుంది. దాంతో నక్షత్రాలను బట్టి లెక్కించే ఏడాది, ఋతువులను బట్టి లెక్కించే ఏడాది కంటే ఇరవై నిమిషాలు ఎక్కువవుతుంది. ఇరవై నిమిషాలంటే లెక్కలోకి రానట్టే ఉంటుంది, 72 ఏళ్లకు అది ఒక రోజు. స్వామి వివేకానంద 1863లో మకర సంక్రాంతి నాడు పుట్టారు, ఆ రోజు జనవరి 12. ఇప్పుడు సంక్రాంతి జనవరి 14, 15లకు వచ్చింది. నూట అరవై ఏళ్లలోనే రెండు రోజులు జరిగింది. మన పంచాంగాల్లో ఎక్కువ వాడే లాహిరి లెక్క ప్రకారం సంక్రాంతీ అయనాంతమూ ఒకే రోజు కలిసింది క్రీస్తుశకం 285 ప్రాంతంలో. అప్పటినుంచి ఇప్పటికి 24 డిగ్రీలు, సుమారు 24 రోజులు విడిపోయాయి. ఇదే ధోరణి సాగితే ఇంకో పదకొండు వేల ఏళ్లకు మకర సంక్రాంతి మండుటెండల్లో, పగలు అతి పొడవైన రోజున వస్తుంది. ఆనాటివాళ్లు భోగిమంటలు వేసుకుంటారో లేదో!

స్వాతంత్ర్యం వచ్చాక భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అధ్యక్షతన క్యాలెండర్ సంస్కరణ సంఘం ఈ చిక్కును అధికారికంగానే చూసింది. 1957 మార్చి 22 నుంచి అమల్లోకి వచ్చిన జాతీయ శక క్యాలెండర్‌లో నెలలను ఋతువులకే కట్టారు. అందులో పౌష మాసం మొదటి రోజు డిసెంబర్ 22, అంటే అయనాంతపు మర్నాడో ఆ రోజో. కానీ పండుగల జోలికి పోకుండా వాటిని పాత పద్ధతిలోనే, నక్షత్రాల లెక్కతోనే ఉంచారు. ప్రభుత్వ క్యాలెండర్ ఒకటి చెబుతుంటే గుడి పంచాంగం ఇంకొకటి చెప్పడం అప్పటినుంచీ మామూలైపోయింది. ఇది రాజీ అని విమర్శించేవాళ్లున్నారు. ఇంతమంది ఇళ్లలో నడిచే పండుగను ఒక్క ఉత్తర్వుతో మూడు వారాలు ముందుకు జరపడం అయ్యే పని కాదని ఆ సంఘానికి అర్థమైందని నేననుకుంటాను.

దేవతల అర్ధరాత్రి, పితరుల మధ్యాహ్నం

తేదీ ఏదైనా ఈ మలుపుకు అంత పవిత్రత ఎందుకు? మనకు ఒక ఏడాది దేవతలకు ఒక రోజని, ఉత్తరాయణం వాళ్లకు పగలని, దక్షిణాయనం రాత్రి అని చిన్నప్పటినుంచీ వింటున్నదే. ఈ లెక్కన ఒక్కో నెల దేవతలకు రెండు గంటలవుతుంది. సంక్రాంతికి తెల్లవారుతుందనుకుంటే దానికి ముందున్న ధనుర్మాసం చివరి రెండు గంటలు, బ్రాహ్మీ ముహూర్తం. తిరుమలలో ధనుర్మాసమంతా సుప్రభాతం బదులు తిరుప్పావై చదవడం, ఊళ్లలో తెల్లవారకముందే గుళ్లు తెరవడం ఈ భావనతో కలిసి నడిచేవే. గోదాదేవి తొలి పాశురం మొదలయ్యేదే మార్గళి నెలలో చంద్రుడు నిండుగా ఉన్న మంచిరోజని. ధనుర్మాసంలోని శుక్ల ఏకాదశే ముక్కోటి. నెలేమో సూర్యుడిది, తిథి చంద్రుడిది కాబట్టి అది డిసెంబర్ మధ్య నుంచి జనవరి మధ్య దాకా ఎక్కడైనా పడుతుంది. 2024 క్యాలెండర్‌లో ముక్కోటి అసలు లేదు, 2025లో జనవరి 10న ఒకటి, డిసెంబర్ 30న ఒకటి వచ్చాయి.

అయితే ఖగోళ లెక్కలు చెప్పే సిద్ధాంత గ్రంథాలు చదివినవాళ్లకు ఇక్కడ ఒక అనుమానం వస్తుంది. దేవతలు ఉండేది మేరువు మీద, అంటే ఉత్తర ధ్రువం దగ్గర. అక్కడ సూర్యుడు ఉదయించేది మార్చిలో, పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు నాడు. అస్తమించేది సెప్టెంబర్‌లో. ఉత్తరాయణం మొదలయ్యే డిసెంబర్‌లో అక్కడ కటిక చీకటి. మరి ఉత్తరాయణం దేవతల పగలెలా అవుతుంది? 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు ఈ ప్రశ్నను దాటవేయలేదు. ఖగోళం ప్రకారం ఆ సమయం దేవతలకు అర్ధరాత్రేనని ఒప్పుకుని, సూర్యుడు పగటి వైపు మొహం తిప్పాడు కాబట్టి ఫలం చెప్పేటప్పుడు దాన్నే పగలుగా తీసుకున్నారని సమాధానమిచ్చాడు.

ఈ అయనాంతానికి ఉన్న ఆధ్యాత్మిక అర్థమంతా నాకు ఆ జవాబులోనే కనిపిస్తుంది. వెలుగు వచ్చేసినందుకు జరుపుకునే పండుగ కాదిది. చీకటి అత్యంత చిక్కగా ఉన్న క్షణాన దిశ మారినందుకు జరుపుకునేది. ఆ రోజున కంటికి ఏ తేడా తెలియదు, చలి తగ్గదు, పగలు పెరిగినట్టు అనిపించదు. అసలు చలి ముదిరేది ఆ తరవాతే. సాధన చేసేవాళ్లు ఉత్తరాయణాన్ని ప్రవృత్తి (లోకవ్యవహారం) నుంచి నివృత్తికి (వైరాగ్యానికి) మళ్లడంతో పోల్చేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. మొదట మారేది మొహం తిరిగిన దిక్కు ఒక్కటే.

పితరుల లెక్క చంద్రుడితో ముడిపడింది. మన చాంద్రమాసం వాళ్లకు ఒక రోజు. భాస్కరుడి వర్ణనలో పితరులు చంద్రుడికి మనకు కనపడని పైవైపున ఉంటారు. అమావాస్య నాడు చంద్రుడు భూమికీ సూర్యుడికీ మధ్యకు వస్తాడు. అప్పుడు మనవైపు చీకటిగా ఉంటే అవతలివైపు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. పితరులకు అది మధ్యాహ్నం, భోజనం వేళ. అమావాస్య తర్పణానికి ఆ లెక్క. మనకు వెన్నెల కాసే పౌర్ణమి వాళ్లకు అర్ధరాత్రి. చంద్రుడి మీద ఒక పగలూ రాత్రీ కలిసి మన 29.5 రోజులు పడుతుందని, అమావాస్యకు దాని అవతలి ముఖం మీద పూర్తి ఎండ ఉంటుందని ఇప్పటి శాస్త్రమూ చెబుతుంది. పితరుల ఉనికి విశ్వాసానికి సంబంధించింది, దానిమీద కట్టిన లెక్క మాత్రం తప్పు కాదు.

రెండు దారులు, ఒక భయం

ఉత్తరాయణం గురించి మనవాళ్లలో లోలోపల ఉండే టెన్షన్ వేరే. దక్షిణాయనంలో పోయినవాళ్లకు సద్గతి ఉండదేమోనన్న భయం. ఇంట్లో ఎవరైనా ఆగస్టులోనో నవంబర్‌లోనో కన్నుమూస్తే, పరామర్శకు వచ్చినవాళ్లలో ఒకరైనా ఆ మాట అననే అంటారు. దీనికి మూలం గీత ఎనిమిదో అధ్యాయంలోని రెండు శ్లోకాలు. అగ్ని, జ్యోతి, పగలు, శుక్లపక్షం, ఉత్తరాయణపు ఆరు నెలలు ఒక దారి. పొగ, రాత్రి, కృష్ణపక్షం, దక్షిణాయనపు ఆరు నెలలు ఇంకో దారి. మొదటిదానిలో వెళ్లినవాళ్లు తిరిగిరారు, రెండోదానిలో వెళ్లినవాళ్లు చంద్రజ్యోతిని చేరి తిరిగొస్తారు. ఇందులో రోజు, పక్షం, ఏడాది మూడూ ఒకదానిలో ఒకటి ఇమిడి ఉన్నాయి. భూమి తిరగడం, చంద్రుడు తిరగడం, సూర్యుడు తిరిగినట్టు కనిపించడం అనే మూడు లయలూ ఒకే శ్లోకంలో పట్టాయి.

దీన్ని చావు ముహూర్తంగా చదవాలా? బ్రహ్మసూత్రాలు సూటిగానే జవాబిచ్చాయి. "అతశ్చాయనేఽపి దక్షిణే", జ్ఞాని దక్షిణాయనంలో దేహం విడిచినా ఫలం తప్పదు అని. మరి భీష్ముడు ఎందుకు ఆగాడు? శంకరాచార్యులు భాష్యంలో చెప్పిన కారణాలు రెండు: లోకంలోని ఆచారాన్ని నిలబెట్టడానికి, తండ్రి వరంగా ఇచ్చిన స్వచ్ఛంద మరణాన్ని చూపించడానికి. పైగా ఆ పగలు, పక్షం, ఆరు నెలలు కాలాల పేర్లు కావు, జీవుణ్ణి దాటించి తీసుకెళ్లే దేవతలని ఇంకో సూత్రం తేల్చింది. గీత కూడా ఆ రెండు దారులూ చెప్పిన వెంటనే వాటిని తెలిసిన యోగి మోహపడడని ముగిస్తుంది. ఇంత చెప్పాక కూడా పరామర్శకు వెళ్లి నెల లెక్కపెట్టడం క్రూరత్వమే.

ఉపనిషత్తులు చంద్రుణ్ణి చూసిన తీరు ఇంతకంటే ఆసక్తిగా ఉంటుంది. ఛాందోగ్యంలో పితృయానం, అంటే తిరిగొచ్చే దారి, చంద్రుడి దగ్గర ఆగుతుంది. పుణ్యం ఉన్నన్నాళ్లు అక్కడుండి, ఆకాశం, గాలి, పొగ, మబ్బు, వాన మీదుగా ధాన్యంలోకి దిగి మళ్లీ పుట్టాలి. కానీ తిరిగిరాని దారి, దేవయానం, వర్ణన కాస్త జాగ్రత్తగా చదివితే అందులోనూ చంద్రుడు ఉన్నాడు. సూర్యుడి నుంచి చంద్రుడికి, చంద్రుడి నుంచి మెరుపుకు, అక్కణ్ణుంచి బ్రహ్మానికి. రెండు దారుల్లోనూ చంద్రుడున్నాడన్నమాట. ఒకరికి అతను చివరి మజిలీ, ఇంకొకరికి దాటిపోయే మజిలీ. కౌషీతకి ఉపనిషత్తు ఇంకా ముందుకెళ్లి, ఈ లోకం విడిచినవాళ్లందరూ చంద్రుడి దగ్గరకే వెళ్తారని, అతను స్వర్గలోకపు ద్వారమని, అతని ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవాణ్ణి పైకి వదిలేస్తాడని అంటుంది. చంద్రుడు మనసు నుంచి పుట్టాడని పురుషసూక్తం చెబుతుంది, సూర్యుడు చరాచరాలకు ఆత్మ అని ఋగ్వేదం చెబుతుంది. ఈ రెంటినీ కలిపి చూస్తే మనసు దగ్గర ఆగిపోవడం, మనసును దాటిపోవడం అన్న తేడాయే ఆ రెండు దారులకూ అర్థంగా తోస్తుంది. ఇది నా అన్వయం, శంకరులది కాదు.

భీష్ముడి మాటలు కూడా ఒకసారి నేరుగా చూడాలి. అనుశాసన పర్వంలో ఆయన ధర్మరాజుతో, ఈ శయ్య మీద యాభై ఎనిమిది రాత్రులు గడిచాయని, మాఘమాసం వచ్చిందని, ఇది శుక్లపక్షం అయి ఉండాలని అంటాడు. సంక్రాంతి మాట ఎత్తడు, రాశి పేరు చెప్పడు. సూర్యుడి మలుపును మాఘంతో, చంద్రుడి పెరుగుదలతో గుర్తుపట్టాడు. అంటే భారతంలోని ఈ ఘట్టం మొదటి పొరకు, వేదాంగ జ్యోతిషపు ఆకాశానికి చెందినది. భీష్మాష్టమి, భీష్మ ఏకాదశి సంక్రాంతికి దూరంగా మాఘంలో ఎందుకున్నాయన్న ప్రశ్నకు ఇంతకంటే సులువైన జవాబు లేదు.

చూడదలచుకుంటే

ఆ పాత అయనాంతపు అమావాస్య ఇప్పటికీ బతికే ఉంది. మాఘానికి ముందొచ్చే పుష్య బహుళ అమావాస్యను ఉత్తరాదిన మౌని అమావాస్య అంటారు, మాట్లాడకుండా నదీస్నానం చేస్తారు. తెలుగువాళ్లకు అది చొల్లంగి అమావాస్య, కాకినాడ దగ్గర సముద్రస్నానాలకు జనం కదిలే రోజు. ఇప్పటి సూర్యుడు మళ్లి అప్పటికి దాదాపు నెలో, అంతకంటే ఎక్కువో అయి ఉంటుంది. అయినా కౌషీతకి బ్రాహ్మణంలో నిలబడిన సూర్యుడి రోజు అదేనని తెలిసి స్నానం చేస్తే ఆ మౌనానికి ఒక అర్థం దొరుకుతుంది.

అక్కణ్ణుంచి ఏడో రోజు రథసప్తమి. జిల్లేడాకులు నెత్తిన పెట్టుకుని స్నానం, పిడకల మీద పాలు పొంగించి చిక్కుడాకుల్లో పరమాన్నం, అరసవల్లిలో ఆదిత్యుడి దర్శనం. ఆ ఒక్కరోజే తిరుమలలో స్వామి ఏడు వాహనాల మీద ఊరేగుతాడు. తెల్లవారుజామున సూర్యప్రభతో మొదలై రాత్రి చంద్రప్రభతో ముగుస్తుంది. సూర్యుడి పండుగను చంద్రుడితో ముగించడం నాకెప్పుడూ యాదృచ్ఛికం అనిపించలేదు. ఆ సాయంత్రం తలెత్తి చూస్తే చంద్రుడు దాదాపు సగానికి వచ్చి నడినెత్తి ప్రాంతంలో ఉంటాడు. మర్నాడు భీష్మాష్టమి.

డిసెంబర్ అయనాంతాన్ని చూడాలంటే మాత్రం పగటికంటే రాత్రే మేలు. దానికి దగ్గరగా వచ్చే మార్గశిర పౌర్ణమి చంద్రుడు ఏడాది మొత్తంలో అతి ఎత్తుకు ఎక్కేవాళ్లలో ఒకడు. సూర్యుడు దక్షిణపు అంచున ఉన్నాడు కాబట్టి ఎదురుగా ఉన్న చంద్రుడు ఉత్తరపు అంచున ఉంటాడు. హైదరాబాద్‌లో ఆనాటి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి 40 డిగ్రీలు దక్షిణంగా వెళ్తే, అర్ధరాత్రి చంద్రుడు నడినెత్తిని దాటి ఉత్తరం వైపు ఒరుగుతాడు. ఎంత ఒరుగుతాడన్నది రాహుకేతువుల (చంద్రుడి దారి సూర్యుడి దారిని దాటే రెండు బిందువుల) స్థానాన్ని బట్టి 18.6 ఏళ్ల చక్రంలో మారుతుంది. 2024, 2025ల్లో అది గరిష్ఠానికి చేరింది. 2034 ప్రాంతంలో కనిష్ఠం, అప్పుడు దాదాపు సరిగ్గా నెత్తిమీద నుంచే పోతాడు. డాబా మీద నిలబడి నీడలు పోల్చుకోవచ్చు. మధ్యాహ్నం సూర్యుడి నీడ పొడవుగా ఉత్తరానికి పడితే, అర్ధరాత్రి వెన్నెల నీడ కురచగా దక్షిణానికి పడుతుంది.

ఆ రాత్రి చంద్రుడు ఉండేది మృగశిర, ఆరుద్రల దగ్గర. శివాలయాల్లో ఆరుద్ర దర్శనం జరిగేదీ ఆ రోజుల్లోనే. చంద్రుడి పక్కన ఎర్రగా కనిపించే చుక్కే ఆరుద్ర. మళ్లీ ఆరు నెలలకు, జూన్ 21, 22 తేదీల్లో, సూర్యుడు సరిగ్గా అక్కడికే చేరుకుంటాడు. ఉత్తరాయణం ముగిసే చోటు అదే. రైతులు దాన్ని ఆరుద్ర కార్తె అంటారు, వానలు పట్టి విత్తనాలు పడే రోజులవి. అతి పొడవైన రాత్రుల్లో పున్నమి చంద్రుడు కూర్చున్న తావుకు సూర్యుడు ఎప్పుడొస్తాడో లెక్కపెట్టుకుంటే దుక్కి ఎప్పటికి సిద్ధం కావాలో తెలిసిపోతుంది.